ప్లీహానికి దెబ్బ తగిలినా ఆపరేషన్ లేకుండా ఇంటికి పంపారా? మళ్లీ స్కాన్ ఎవరికి అవసరం, ఎప్పుడు?

గోదావరిఖని నుంచి కరీంనగర్ వైపు రాజీవ్ రహదారిపై మీరు బైక్ మీద వెళ్తున్నారనుకోండి. ముందున్న టిప్పర్ సడెన్ బ్రేక్ వేసింది. అదుపు తప్పి పడ్డారు. హ్యాండిల్ ఎడమ పక్కటెముకల కింద బలంగా తగిలింది. పైకి చూస్తే గీరుకుపోయిన గాయాలే. ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీశాక మాత్రం ‘ప్లీహం చీలింది, కడుపులో కొంత రక్తం చేరింది’ అన్నారు. రెండు రోజులు ఐసీయూలో, మూడు రోజులు వార్డులో ఉంచారు. ఆపరేషన్ చేయలేదు. ‘ఇప్పుడు బాగానే ఉంది, ఇంటికి వెళ్లండి’ అని పంపేశారు.

అసలు గందరగోళం ఇంటికి వచ్చాక మొదలవుతుంది. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట: ‘మల్ల స్కానింగ్ తీపిచ్చినవా?’ ఒకరు వారానికోసారి తీయించాలంటారు. ఇంకొకరు ‘నొప్పి లేనప్పుడు ఎందుకు, పైసలు దండగ’ అంటారు. డిశ్చార్జ్ కాగితంలో ‘ఫాలో అప్’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది. దేనికి, ఎప్పుడు, ఎక్కడికి రావాలో ఉండదు.

ఆపరేషన్ లేకుండా నయమయ్యే ప్లీహం గాయాల్లో అందరికీ మళ్లీ సీటీ అక్కర్లేదు. కొందరికి మాత్రం అది ప్రాణం కాపాడే పరీక్ష. మీరు ఈ రెండింటిలో ఏ గుంపులో ఉన్నారో తేల్చేది మీ గాయం గ్రేడ్, రక్తనాళం దెబ్బతిన్నదా లేదా, ఇప్పుడు మీకున్న లక్షణాలు. ఇవి తెలియకుండా స్కానింగ్ సెంటర్‌కు పరుగెత్తినా, ఏమీ కాదులే అని డ్యూటీకి వెళ్లినా రెండూ పొరపాట్లే.

ప్లీహం ఎక్కడ ఉంటుంది? ఎందుకు చీలుతుంది?

ప్లీహం కడుపులో ఎడమవైపు పైభాగంలో, చివరి పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవాళ్లలో సుమారు 12 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు. ముసలిబారిన ఎర్ర రక్తకణాలను ఏరివేయడం, రక్తంలో చేరిన కొన్ని రకాల బ్యాక్టీరియాను పట్టుకోవడం దీని పనులు. మెత్తగా, రక్తంతో నిండి ఉంటుంది. పైన పలుచటి పొర మాత్రమే ఉంటుంది. అందుకే కడుపుకు మొద్దు దెబ్బ తగిలినప్పుడు ఎక్కువగా గాయపడే అవయవాల్లో ఇదొకటి.

బొగ్గు బెల్టులో అలాంటి దెబ్బలకు కొదవ లేదు. రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి పడటం, భూగర్భ గనిలో పైకప్పు నుంచి బొగ్గు పెళ్ల ఊడి మీద పడటం, టబ్బుకూ గోడకూ మధ్య నలిగిపోవడం, కబడ్డీలో మోకాలి దెబ్బ.. ఏదైనా కారణం కావచ్చు. ఎడమవైపు కింది పక్కటెముకలు విరిగితే డాక్టర్లు ముందుగా అనుమానించేది ప్లీహాన్నే. మలేరియా వంటి జబ్బులతో ప్లీహం ముందే వాచి ఉంటే చిన్న దెబ్బకే పగిలే ప్రమాదం ఉంది. ఆ సంగతి మీకు తెలిస్తే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

చీలిందంటూనే ఆపరేషన్ ఎందుకు చేయలేదు?

ఇది నిర్లక్ష్యం కాదు. ఒకప్పుడు ప్లీహం చీలిందంటే తీసేయడమే పద్ధతి. 1952లో కింగ్, షూమాకర్ అనే అమెరికన్ వైద్యులు ప్లీహం తీసేసిన పసిపిల్లల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని రాశారు. ఆ తర్వాత ఆలోచన మారుతూ వచ్చింది. 1968లో టొరంటోలోని పిల్లల ఆసుపత్రి అనుభవాన్ని ఉపాధ్యాయ, సింప్సన్ ప్రచురించారు. పిల్లల్లో చీలిన ప్లీహం చాలాసార్లు దానంతట అదే మానుతుందన్న ఆలోచనకు ఆ వ్యాసం పునాది వేసింది. ఆ ఉపాధ్యాయ మన దేశపు పిల్లల శస్త్రవైద్యుడే. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేశారు.

సీటీ స్కాన్లు వచ్చాక పెద్దవాళ్లలోనూ ఇదే పద్ధతి స్థిరపడింది. బీపీ, నాడి నిలకడగా ఉండి, కడుపులో పేగు వంటి ఇతర అవయవాలకు ఆపరేషన్ అవసరమైన గాయం లేకపోతే, ఆసుపత్రిలో గమనిస్తూ ప్లీహాన్ని మాననిస్తారు. రక్తనాళం నుంచి రక్తం కారుతుంటే కడుపు కోయకుండానే తొడ లేదా చేతి రక్తనాళం ద్వారా సన్నని గొట్టం పంపి, ఆ నాళాన్ని మూసేస్తారు. దీన్ని ఎంబోలైజేషన్ అంటారు.

అయితే ‘ఆపరేషన్ లేదు’ అంటే ‘చికిత్స లేదు’ అని కాదు. కనిపెట్టుకుని ఉండటమే ఇక్కడ చికిత్స. ఆసుపత్రిలో ఆ పని నర్సులు, డాక్టర్లు చేస్తారు. ఇంటికి వచ్చాక మీరు, మీ ఇంట్లోవాళ్లు చేయాలి.

రిపోర్టులో ‘గ్రేడ్’ అని ఉంటుంది. దాని అర్థం?

ప్లీహం గాయాలను అమెరికా ట్రామా సర్జన్ల సంఘం తయారుచేసిన కొలత ప్రకారం 1 నుంచి 5 గ్రేడ్లుగా విభజిస్తారు. ఇప్పుడు వాడుతున్నది 2018లో సవరించిన కొలత.

- గ్రేడ్ 1: సెంటీమీటర్ లోతు కూడా లేని చీలిక, లేదా పై పొర కింద కొద్దిగా రక్తం గడ్డకట్టడం.
- గ్రేడ్ 2: 1 నుంచి 3 సెంటీమీటర్ల లోతు చీలిక.
- గ్రేడ్ 3: 3 సెంటీమీటర్లకు మించిన చీలిక, లేదా ఉపరితలంలో సగానికి పైగా రక్తపు గడ్డ.
- గ్రేడ్ 4: ప్లీహం లోపలి రక్తనాళానికి గాయం, పొర లోపలే రక్తం కారుతుండటం, లేదా నాలుగో వంతుకు పైగా భాగానికి రక్త సరఫరా తెగిపోవడం.
- గ్రేడ్ 5: ప్లీహం ముక్కలుగా నలిగిపోవడం, లేదా రక్తం పొర దాటి కడుపులోకి కారుతుండటం.

2018 సవరణలో ముఖ్యమైన మార్పు ఒకటుంది. చీలిక చిన్నదైనా, సీటీలో రక్తనాళం గాయం కనిపిస్తే దాన్ని గ్రేడ్ 4గానో 5గానో లెక్కించాలి. అందుకే ‘చిన్న చీలికే’ అన్న మాటతో సరిపెట్టుకోకండి. ‘రక్తనాళానికి దెబ్బ ఉందా?’ అని విడిగా అడగండి.

మళ్లీ స్కాన్ దేనికోసం?

ఆపరేషన్ లేని చికిత్స విఫలమయ్యేవాళ్లలో ఎక్కువ మందికి ఆ సంగతి మొదటి మూడు రోజుల్లోనే బయటపడుతుంది. అందుకే ఆ రోజుల్లో ఆసుపత్రిలో ఉంచుతారు. కొద్దిమందికి మాత్రం ఆ తర్వాత, కొన్నిసార్లు ఇంటికి వెళ్లాక, ఒక్కసారిగా రక్తస్రావం మొదలవుతుంది.

దీనికి ఒక ముఖ్య కారణం సూడో అన్యూరిజం. దెబ్బకు రక్తనాళం గోడ ఒకచోట చిరిగి, అక్కడ చిన్న బుడగ ఏర్పడుతుంది. సైకిల్ ట్యూబ్ బలహీనపడిన చోట ఉబ్బినట్టు ఉంటుందన్నమాట. అది మొదటి రోజు స్కాన్‌లో కనిపించకపోవచ్చు. రెండు మూడు రోజుల తర్వాత తయారు కావచ్చు. నొప్పి ఉండదు, మనిషి మామూలుగానే ఉంటాడు. పగిలితే మాత్రం కడుపులోకి రక్తం వేగంగా కారుతుంది. కొన్ని బుడగలు వాటంతట అవే మూసుకుపోతాయి. మిగతావాటిని ముందే పట్టుకుంటే ఎంబోలైజేషన్‌తో మూసేయవచ్చు.

ఫ్రాన్స్‌లో జరిగి 2020లో ప్రచురితమైన ‘స్ప్లాష్’ అనే అధ్యయనం ఈ విషయంలో ఉపయోగపడుతుంది. పగిలే ముప్పు ఎక్కువగా ఉన్న ప్లీహం గాయాల రోగుల్లో కొందరికి ముందుజాగ్రత్తగా ఎంబోలైజేషన్ చేశారు. మిగతావారిని కనిపెట్టి చూస్తూ, అవసరమైతేనే చేశారు. నెల తర్వాత చూస్తే ప్లీహం నిలబడిన విషయంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ కనిపెట్టి చూసిన గుంపులో ఐదో రోజు సీటీలో సూడో అన్యూరిజాలు ఎక్కువగా కనిపించాయి. వేచి చూడటం సురక్షితమే కానీ, ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్ల విషయంలో స్కాన్‌తో కనిపెట్టి చూడాలన్నది దీని సారాంశం.

అయితే ఎవరికి మళ్లీ స్కాన్ కావాలి?

ప్రపంచ అత్యవసర శస్త్రచికిత్స సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆసుపత్రిలో ఉండగానే మళ్లీ సీటీ తీసే విషయాన్ని ఈ సందర్భాల్లో ఆలోచించాలి:

- గాయం మధ్యస్థం లేదా తీవ్రం అయినప్పుడు
- హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ పడిపోతున్నప్పుడు
- మొదటి స్కాన్‌లో రక్తనాళంలో తేడా కనిపించినప్పుడు
- ప్లీహానికి ముందే ఏదైనా జబ్బు ఉన్నప్పుడు
- రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నప్పుడు
- తలకు గాయం వంటి కారణంతో రోగి తన బాధ చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు

గ్రేడ్ 1, 2 గాయాలై, రక్తనాళానికి దెబ్బ లేక, హిమోగ్లోబిన్ నిలకడగా ఉండి, నొప్పి తగ్గుతూ ఉంటే డిశ్చార్జ్ తర్వాత అలవాటుగా మళ్లీ సీటీ తీయడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. గ్రేడ్ 3 నుంచి మాత్రం డాక్టర్లలోనే భిన్నమైన పద్ధతులున్నాయి. కొందరు డిశ్చార్జ్‌కు ముందే ఒక సీటీ తీస్తారు. కొందరు లక్షణాలను బట్టి నిర్ణయిస్తారు. కాబట్టి మీ పక్కింటాయనకు తీశారు, మీకు తీయలేదంటే ఎవరో ఒకరు తప్పు చేశారని అర్థం కాదు. గాయం వేరైతే ప్లాన్ కూడా వేరవుతుంది.

పిల్లల విషయంలో ఇంకా ఆచితూచి వ్యవహరిస్తారు. బాగా ఆడుకుంటూ, తింటూ, నొప్పి లేకుండా ఉన్న పిల్లలకు అలవాటుగా మళ్లీ సీటీ తీయరు. రేడియేషన్ ప్రభావం చిన్న వయసులో ఎక్కువ.

సీటీనా? అల్ట్రాసౌండ్ సరిపోతుందా?

ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. ఏ పరీక్ష ఏం చూపిస్తుందో తెలుసుకోండి.

మామూలు అల్ట్రాసౌండ్: కడుపులో రక్తం చేరిందా, పెరిగిందా అన్నది త్వరగా చెబుతుంది. రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ. కానీ చీలికను, రక్తనాళంలోని చిన్న బుడగను వదిలేసే అవకాశం ఉంది. అల్ట్రాసౌండ్‌లో ‘నార్మల్’ అని వచ్చినంత మాత్రాన సూడో అన్యూరిజం లేదని అనుకోవడానికి లేదు.

డాప్లర్ అల్ట్రాసౌండ్: రక్త ప్రవాహాన్ని చూపిస్తుంది. అనుభవమున్న రేడియాలజిస్టు చేతిలో బుడగను పట్టుకోగలదు. కానీ పక్కటెముకలు, పేగుల్లోని గాలి అడ్డొస్తాయి.

కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్: నరంలోకి సన్నని బుడగల మందు ఎక్కించి చూస్తారు. రేడియేషన్ ఉండదు కాబట్టి పిల్లల ఫాలో అప్‌కు మంచిది. అయితే ఈ సదుపాయం పెద్ద నగరాల్లోని కొన్ని కేంద్రాలకే పరిమితం.

కాంట్రాస్ట్ సీటీ: ప్లీహం గాయానికి ప్రామాణిక పరీక్ష. నరంలోకి మందు ఎక్కించి రెండు దశల్లో చిత్రాలు తీస్తే రక్తనాళం గాయం స్పష్టంగా కనిపిస్తుంది. కాంట్రాస్ట్ లేకుండా తీసే ప్లెయిన్ సీటీలో ఇది తెలియదు. ఖర్చు తగ్గుతుందని ప్లెయిన్ సీటీ తీయించుకుంటే డబ్బూ పోతుంది, అసలు ప్రశ్నకు జవాబూ దొరకదు.

కడుపు సీటీ ఒకసారి తీస్తే సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. అవసరమైన సీటీకి ఇది భయపడాల్సిన మోతాదు కాదు. అవసరం లేకుండా పదేపదే తీయించుకోవడం మాత్రం మంచిది కాదు. కిడ్నీ సమస్య, గతంలో కాంట్రాస్ట్ మందుకు అలర్జీ, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడకం, గర్భం ఉంటే స్కాన్‌కు ముందే చెప్పండి.

ఇంకో మాట. మనిషి కోలుకున్నంత వేగంగా సీటీ చిత్రం మారదు. నొప్పి పోయి, మామూలుగా తిరుగుతున్నప్పుడు కూడా స్కాన్‌లో చీలిక గుర్తు వారాల తరబడి కనిపించవచ్చు. ‘ఇంకా చీలిక ఉంది’ అన్న వాక్యం చదివి హడలిపోవద్దు. పాత చిత్రంతో పోల్చి డాక్టర్ చెప్పేదే లెక్క. పాత సీడీ, ఫిల్మ్ దాచుకోవాలనేది అందుకే.

ఇంటికి వచ్చాక దేన్ని గమనించాలి?

కింది వాటిలో ఏది కనిపించినా రేపు చూద్దామని ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. స్కానింగ్ సెంటర్‌కు కాదు, సర్జన్, రక్తం, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

- కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం, లేచి నిలబడితే తూలడం
- కడుపు నొప్పి మళ్లీ మొదలవడం, పెరగడం, కడుపు ఉబ్బడం
- ఎడమ భుజం కొసన కొత్తగా నొప్పి (భుజానికి దెబ్బ లేకపోయినా సరే)
- గుండె దడ, చల్లటి చెమటలు, ముఖం పాలిపోవడం
- జ్వరం, చలి, ఆగని వాంతులు

భుజం నొప్పి సంగతి చాలామందికి తెలియదు. కడుపులో చేరిన రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే పొరను తాకితే, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. ‘మెడ పట్టేసిందేమో’ అని జండూబామ్ రాసుకుని పడుకుంటే విలువైన సమయం పోతుంది.

నొప్పికి మెడికల్ షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకోవద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి రక్తస్రావాన్ని పెంచగలవు. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టర్‌ను అడగాలి. మద్యం మానేయండి. కళ్లు తిరిగితే అది మందు వల్లా, రక్తస్రావం వల్లా అన్నది ఇంట్లోవాళ్లకు అర్థం కాదు.

గోదావరిఖనిలో ఉంటే ఎక్కడికి? ఖర్చు ఎవరిది?

ఇక్కడ దారులు మూడు. మీది ఏదో డిశ్చార్జ్ రోజునే తేల్చుకోండి.

సింగరేణి కార్మికులు, వారి కుటుంబాలు: గోదావరిఖనిలోని సింగరేణి ఏరియా ఆసుపత్రి మీ మొదటి మెట్టు. హైదరాబాద్ లేదా కరీంనగర్‌లో చికిత్స పొంది వచ్చినా, డిశ్చార్జ్ సమ్మరీ, సీటీ సీడీ తీసుకెళ్లి ఇక్కడి సర్జన్‌కు చూపించండి. మళ్లీ స్కాన్ అవసరమై పెద్ద ఆసుపత్రికి వెళ్లాల్సివస్తే రెఫరల్ లెటర్ ముందే తీసుకోవడం మంచిది. తర్వాత బిల్లుల కోసం తిరగడం తప్పుతుంది. గాయం డ్యూటీలో జరిగితే ప్రమాదం గనిలో నమోదైందో లేదో చూసుకోండి. ప్రమాద నమోదు, మొదటి స్కాన్ తేదీ, గ్రేడ్ ఒకే ఫైల్‌లో ఉండాలి.

ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లు: తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆరోగ్యశ్రీ ప్యాకేజీ డిశ్చార్జ్‌తో ముగిసిపోదు. డిశ్చార్జ్ తర్వాత 10 రోజుల మందులు, 30 రోజుల్లోపు వచ్చే కాంప్లికేషన్ల చికిత్స కూడా ప్యాకేజీలో భాగం. ప్లీహం గాయంలో భయపడాల్సిన కాలం దాదాపుగా ఇదే. మీ కేసు ఏ ప్యాకేజీ కింద నమోదైందో, ఫాలో అప్ స్కాన్ అందులో వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, కాగితంపై రాయించుకోండి. సందేహాలకు 104కు ఫోన్ చేయవచ్చు.

రోడ్డు ప్రమాద బాధితులు: కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల పాటు, గుర్తించిన ఆసుపత్రుల్లో లక్షన్నర రూపాయల వరకు చికిత్స అందుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఈ పథకం ఏడో రోజుతో ముగుస్తుంది. ప్లీహం విషయంలో ఆలస్యంగా వచ్చే రక్తస్రావం రెండో వారంలోనూ రావచ్చు. అంటే ఎనిమిదో రోజు నుంచి ఖర్చు మీ మీదో, ఆరోగ్యశ్రీ మీదో, బీమా మీదో పడుతుంది. గ్రేడ్ 3 లేదా అంతకంటే ఎక్కువ గాయమైతే, ‘ఇంకో సీటీ కావాలా? కావాలంటే ఈ ఏడు రోజుల్లోనే తీయవచ్చా?’ అని డాక్టర్‌ను అడగండి. అడగడంలో తప్పు లేదు. తీయాలా వద్దా అన్నది మాత్రం పథకం గడువు కాదు, గాయమే నిర్ణయించాలి.

గోదావరిఖనిలో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి కూడా ఉంది. 2022 నవంబర్‌లో తరగతులు మొదలైన రామగుండం ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా నడుస్తోంది. సర్జరీ ఓపీలో చూపించుకోవడానికి, తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకం కింద హిమోగ్లోబిన్ వంటి రక్త పరీక్షలు ఉచితంగా చేయించుకోవడానికి కరీంనగర్ దాకా వెళ్లనక్కర్లేదు. ఫాలో అప్‌లో చాలామందికి కావాల్సింది కూడా ఇంతే: డాక్టర్ చెయ్యి పెట్టి కడుపు చూడటం, బీపీ, నాడి, హిమోగ్లోబిన్.

అత్యవసరం వేరు. ఎంబోలైజేషన్ చేయాలంటే క్యాథ్ ల్యాబ్, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు ఉండాలి. గోదావరిఖని నుంచి కరీంనగర్ 60 కిలోమీటర్లకు పైగా, హైదరాబాద్ 200 కిలోమీటర్లకు పైగా దూరం. రక్తం కారుతున్న మనిషిని నేరుగా హైదరాబాద్ కారులో ఎక్కించడం ప్రమాదకరం. ముందు దగ్గరి ఆసుపత్రిలో సెలైన్, రక్తం ఎక్కించి, బీపీ నిలబెట్టాకే అంబులెన్స్‌లో తరలించాలి. బీపీ నిలబడకపోతే అక్కడే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. తీవ్ర గాయమున్నవాళ్లు మొదటి రెండు వారాలు ఆసుపత్రికి దూరంగా ఉన్న ఊళ్లో కాకుండా, గంటలోపు చేరగలిగే చోట ఉండటం మేలు.

మళ్లీ బాయికి ఎప్పుడు?

అసలు ఒత్తిడి ఇక్కడే. మస్టర్లు పోతాయి, ఇల్లు గడవాలి. నొప్పి తగ్గగానే ‘ఫిట్’ రాయించుకుని డ్యూటీ ఎక్కాలనిపిస్తుంది. కాంట్రాక్టు కార్మికులకైతే పనికి వెళ్లని రోజు కూలీ ఉండదు.

2017 మార్గదర్శకాల ప్రకారం చిన్న గాయాలకు 4 నుంచి 6 వారాలు, మధ్యస్థ, తీవ్ర గాయాలకు 2 నుంచి 4 నెలల వరకు శ్రమ తగ్గించాలి. మంచం మీదే ఉండాలని దీని అర్థం కాదు. ఇంట్లో నడవవచ్చు, చిన్న పనులు చేసుకోవచ్చు. బరువులు ఎత్తడం, బైక్ నడపడం, కబడ్డీ, క్రికెట్, కడుపుకు దెబ్బ తగిలే ఏ పనైనా వద్దు.

అవే మార్గదర్శకాల్లో గని కార్మికులు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. డిశ్చార్జ్ తర్వాత మొదటి వారాల్లో రోగి ఒంటరిగా గానీ, జనం లేని చోట గానీ ఉండకూడదు. ఇంక్లైన్‌లో కిలోమీటర్ల లోపల, పని స్థలంలో కళ్లు తిరిగి పడిపోతే పైకి తీసుకురావడానికే చాలా సమయం పడుతుంది. ఓపెన్ కాస్ట్‌లో డంపర్ మీద ఉన్నప్పుడు స్పృహ తప్పితే ప్రమాదం ఒక్కరితో ఆగదు.

కాబట్టి ఫిట్‌నెస్ కోసం వెళ్లినప్పుడు ‘నొప్పి లేదు’ అని మాత్రమే చెప్పకండి. మీరు చేసేది సర్ఫేస్ పనా, భూగర్భంలోనా, బరువులెత్తుతారా, యంత్రం నడుపుతారా అన్నది చెప్పండి. గ్రేడ్ రాసిన కాగితం చూపించండి. కొన్నాళ్లు తేలికపాటి పనికి సిఫార్సు చేస్తారేమో అడగండి. మళ్లీ స్కాన్ తీయడానికి డాక్టర్లు చెప్పే సరైన కారణాల్లో ఇదొకటి: గాయం తీవ్రమైనది, చేసే పని ప్రమాదకరమైనది అయినప్పుడు, పనికి పంపే ముందు ఒకసారి చూసుకోవడం.

ప్లీహం తీసేయాల్సి వస్తే?

ఆపరేషన్‌తో ప్లీహం తీసేసినా జీవితం మామూలుగానే సాగుతుంది. కాకపోతే కొన్ని ఇన్ఫెక్షన్లు చాలా వేగంగా ముదురుతాయి. న్యుమోకోకస్, మెనింగోకోకస్, హిబ్ టీకాలు వేయించుకోవాలి. అత్యవసరంగా ప్లీహం తీసేసినవాళ్లకు సాధారణంగా రెండు వారాల తర్వాత వేస్తారు. తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మలేరియా ఉండే అటవీ ప్రాంతాలకు వెళ్తే దోమల నుంచి జాగ్రత్త అవసరం. ఎంబోలైజేషన్ జరిగినవాళ్లు తమకు టీకాలు కావాలా అని అడిగి తెలుసుకోవాలి.

డిశ్చార్జ్ రోజు ఈ ఆరు ప్రశ్నలు అడగండి

ఈ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జవాబులు డిశ్చార్జ్ సమ్మరీ మీదే రాయించుకోండి.

1. నా గాయం ఏ గ్రేడ్? రక్తనాళానికి దెబ్బ ఉందా?
2. ఇంటికి వెళ్లేటప్పుడు నా హిమోగ్లోబిన్ ఎంత?
3. మళ్లీ స్కాన్ కావాలా? కావాలంటే ఏ రోజు, ఏ రకం, దేనికోసం?
4. అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఏ ఆసుపత్రికి వెళ్లాలి? ఎవరికి ఫోన్ చేయాలి?
5. బైక్, బరువులు, డ్యూటీ.. ఏది ఎన్ని వారాల తర్వాత?
6. ఫాలో అప్ ఖర్చు ఏ పథకం కిందకు వస్తుంది?

సీటీ రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. చిత్రాలున్న సీడీ అడిగి తీసుకోండి. రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ ఫొటోలు తీసి మీ ఫోన్‌లోనూ, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి. మీరు స్పృహలో లేని సమయంలో 108 సిబ్బందికి, డ్యూటీ డాక్టర్‌కు మీ గ్రేడ్ చెప్పేది ఆ రెండో ఫోనే.

ఇకపై ఎవరైనా ‘మల్ల స్కానింగ్ తీపిచ్చినవా?’ అని అడిగితే, తీయించానో లేదో అని తడుముకోనక్కర్లేదు. ‘నాది గ్రేడ్ ఇంత, డాక్టర్ ఫలానా రోజున రమ్మన్నారు, ఈలోగా ఈ లక్షణాలు కనిపిస్తే ఫలానా ఆసుపత్రికి వెళ్తాం’ అని చెప్పగలిగితే, మీ ఫాలో అప్ సరైన దారిలోనే ఉన్నట్టు.